యాభై దాటాక కళ్ళ మేకప్: కాటుక పైరెప్పకి అంటుకుంటోంది, ఐషాడో ముడతల్లో చేరుతోంది

మల్లెతీగ (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. నాకు 57. బ్యాంకు ఉద్యోగం. కాలేజీ రోజుల నుంచీ కాటుక లేకుండా గడప దాటింది లేదు. ఈమధ్య ఏమవుతోందంటే, పొద్దున పెట్టుకున్న కాటుక మధ్యాహ్నం క్యారేజీ విప్పే వేళకి పైరెప్ప మీద అచ్చు గుద్దినట్టు అంటుకుంటోంది. కంటి కింద సన్న గీతల్లోకి కూడా దిగిపోతోంది. "మేడమ్, రాత్రి నిద్ర లేదా?" అని పక్క కౌంటరు అమ్మాయి అడుగుతూనే ఉంటుంది. స్మడ్జ్‌ప్రూఫ్ అని రాసి ఉన్నవి ఎన్ని కొన్నా అంతే.

వచ్చే నెల మా అన్నయ్య కూతురి పెళ్ళి. మేనత్తని కాబట్టి ఫోటోలు తప్పవు. పార్లర్‌లో ట్రయల్ వేయించుకున్నాను. గోల్డ్ షిమ్మరు, రెక్కలాంటి లైనరు, అంటించే రెప్పలు, అన్నీ పెట్టింది. అక్కడి లైట్లలో బానే ఉంది. ఇంటికొచ్చి కిటికీ దగ్గర చూసుకుంటే రెప్ప నిండా నెర్రెలు. కన్ను తెరిస్తే లైనరు రెక్క మడతలో సగానికి విరిగి కనిపిస్తోంది. ఫోన్ చేస్తే "ఈ ఏజ్‌కి ఇంతే ఆంటీ" అంది.

నిజంగా ఇంతేనా? దీనికి తోడు చత్వారం ఒకటి. అద్దాలు తీస్తే కన్ను కనపడదు, పెట్టుకుంటే కన్ను అందదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు రాణి (హనుమకొండ)

సేమ్ ప్రాబ్లమ్ అక్కా. నాకు 52. విసుగొచ్చి కాటుకే బంద్ పెట్టాను. ఇప్పుడేమో "ఏందొదినా, జ్వరమొచ్చిందా?" అని మా ఆడబిడ్డ అడుగుతోంది. ఎవరన్నా మంచిగా చెప్తే నేనూ ఫాలో అవుతా.

రంగుల పెట్టె (విజయవాడ)

ఇంతే అని ఎవరన్నారండీ! పాతికేళ్ళ పెళ్ళికూతురికి వేసే మేకప్పే తెచ్చి మీకూ వేసింది, తేడా అక్కడొచ్చింది. నేను పెళ్ళిళ్ళకి మేకప్ చేస్తాను. పెళ్ళికూతురి కంటే వాళ్ళ అమ్మకి, అత్తకి చేసేటప్పుడే నాకు ఓపిక ఎక్కువ కావాలి.

ముందు కాటుక సంగతి. రెప్ప చర్మం ఒంటి మొత్తంలోకీ పల్చనిది, దాదాపు అర మిల్లీమీటరు. వయసుతో బిగువు తగ్గి పైచర్మం కిందికి జారుతుంది. కన్ను తెరిచినప్పుడు ఆ మడత వచ్చి వెంట్రుకల మొదళ్ళ మీద కూర్చుంటుంది. అక్కడ ఏ రంగు ఉంటే ఆ రంగు దానికి అంటుతుంది. కాటుకలో ఉండేది నూనె, మైనం. బ్రాండు మారిస్తే ఓ గంట ఆలస్యంగా అంటుతుందేమో గానీ అంటక మానదు.

ఇలా చేసి చూడండి. కిటికీకి ఎదురుగా కూర్చుని అద్దాన్ని కంటి ఎత్తులో పెట్టుకోండి. తిన్నగా చూడండి. అద్దం చూడగానే మనకి తెలియకుండానే కనుబొమలు పైకి లాగేస్తాం. అలా లాగకుండా, ముఖం వదులుగా ఉంచి, రెప్ప ఎంత మేర కనిపిస్తోందో గమనించండి. కొందరికి గోటి అంచంత కనిపిస్తుంది, కొందరికి అసలు కనపడదు. అది తెలిశాకే బ్రష్ పట్టుకోవాలి. ఇకనుంచి మేకప్ అంతా కన్ను అలా తెరిచి ఉండగానే. కన్ను మూసి, రెప్పని చెవి వైపు లాగిపట్టి గీసే లైనరు మనకి పనికిరాదు. వేలు తీయగానే చర్మం వెనక్కొస్తుంది, గీత ముడుచుకుంటుంది. మీ రెక్క విరిగింది అందుకే.

ఐషాడోకి మీ ఒంటి రంగు కంటే ఒకటి రెండు షేడ్లు ముదురు, మెరుపు లేని మ్యాట్ బ్రౌన్ తీసుకోండి. దాన్ని మడత లోపల వేస్తే కన్ను తెరవగానే మాయమైపోతుంది. మడతకి కాస్త పైన, కంటి ఎముక మొదలయ్యే దగ్గర, మెత్తటి కుచ్చు బ్రష్‌తో అటూ ఇటూ తిప్పుతూ వేయండి. అంచు ఎక్కడ మొదలైందో తెలియకూడదు. అప్పుడు వేలాడే చర్మం వెనక్కి తగ్గినట్టు, కన్ను విచ్చుకున్నట్టు ఉంటుంది.

షిమ్మర్ మీద నాకు పగేమీ లేదు. రేకుల్లా మెరిసే గ్లిట్టరు, తెల్లటి ఫ్రాస్ట్ రంగులు మాత్రం వద్దు. ముడత గట్ల మీద వెలుతురు పడి, లోపల చీకటి మిగిలి, ప్రతి గీతా లెక్కపెట్టుకునేలా కనిపిస్తుంది. సన్నగా నిగనిగలాడే శాటిన్ రంగు రెప్ప మధ్యలో ఉంగరం వేలితో అద్దితే కంటికి కళ వస్తుంది. యాభై దాటినవాళ్ళకి షిమ్మరే వద్దని వీడియోల్లో కొట్టిపారేస్తారు, నేను ఒప్పుకోను. మొత్తం మ్యాటే వేస్తే కళ్ళు వాడిపోయినట్టుంటాయి.

లైనరు గురించి రేపు. ఇప్పుడు సత్యనారాయణపురంలో ఓ సీమంతం ఉంది, వెళ్ళాలి.

సైడ్ బెర్త్ (సికింద్రాబాద్)

తప్పుగా అనుకోకండి. ఈ వయసులో కళ్ళకి రంగులు అవసరమా? సహజంగా ఉంటేనే హుందాగా ఉంటుందని నా అభిప్రాయం.

గోదారమ్మాయి (కాకినాడ)

సైడ్ బెర్త్ గారూ, మీ ప్రొఫైల్ ఫోటోలో మీసం మాత్రం భలే సహజంగా నల్లగా ఉందండీ.

సైడ్ బెర్త్ (సికింద్రాబాద్)

హహహ. నోరు మూసుకున్నాను తల్లీ. కొనసాగించండి.

ఓరుగల్లు రాణి (హనుమకొండ)

మంచి మాట గుర్తు చేశారు. నాకు కనుబొమల్లో తెల్లవి వచ్చాయి. తలకి వేసే డై కొంచెం మిగిల్చి కనుబొమలకి రాయొచ్చా? మా కాలనీలో ఇద్దరు ముగ్గురు రాస్తున్నారు.

కంటి చూపు (గుంటూరు)

దయచేసి వద్దమ్మా. నేను ఆప్టోమెట్రిస్టుని, అందుకే కొంచెం గట్టిగా చెప్తున్నాను. నల్ల హెయిర్ డైలలో ఎక్కువ వాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. తలకి పడినంత మాత్రాన కంటి దగ్గర పడుతుందని లెక్క కాదు. ఇన్నేళ్ళూ పడింది కాబట్టి రేపూ పడుతుందనీ కాదు, ఎలర్జీ ఎప్పుడైనా మొదలవుతుంది. అమెరికాలో 1930లలో లాష్ లూర్ అని కనురెప్పలకి వేసే రంగు ఒకటి అమ్మేవారు. అందులో ఉన్నది ఇదే. దానివల్ల చూపు పోయినవాళ్ళున్నారు, ప్రాణం పోయిన కేసు కూడా ఉంది. సౌందర్య సాధనాలను కూడా ప్రభుత్వ అదుపులోకి తెస్తూ 1938లో అక్కడ చట్టం రావడానికి కారణాల్లో అదొకటి. మీ డై ప్యాకెట్ వెనక కూడా కనుబొమలకీ, కనురెప్పలకీ వాడొద్దని ఉంటుంది, సన్నక్షరాల్లో.

తెల్ల వెంట్రుకలు కప్పడానికి బ్రో పౌడరో, రంగున్న బ్రో జెల్లో చాలు. కడిగితే పోతుంది. ఇంకొకటి, కనుబొమ చివరి భాగం బాగా పల్చబడిపోతుంటే ఓసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

మల్లెతీగ గారి కాటుక గురించి కూడా ఒక మాట. మీరు పెట్టుకునేది రెప్ప లోపలి తడి అంచు మీదేనా? వెంట్రుకలకి వెనక, కంటిని ఆనుకుని ఉండే అంచు.

మల్లెతీగ (రాజమండ్రి)

అవునండీ. కాటుకంటే అక్కడేగా పెట్టుకునేది?

కంటి చూపు (గుంటూరు)

అందరూ అక్కడే పెడతారు. సాయంత్రానికి కళ్ళు మండుతున్నాయని మా దగ్గరికొచ్చేవాళ్ళలో కూడా చాలామంది అక్కడ పెట్టేవాళ్ళే.

ఆ అంచు మీద వరసగా సూది మొనంత రంధ్రాలు ఉంటాయి. మైబోమియన్ అనే నూనె గ్రంథుల నోళ్ళు అవి. పైరెప్పలో 25 నుంచి 40, కిందరెప్పలో 20 నుంచి 30 వరకు. రెప్ప వాల్చినప్పుడల్లా వాటిలోంచి సన్నటి నూనె వచ్చి కన్నీటి పైన పొరలా పరుచుకుంటుంది. అది లేకపోతే కన్నీరు తొందరగా ఆవిరైపోతుంది. రోజూ వాటి మీద మైనం, మసి రుద్దితే రంధ్రాలు మూసుకుంటాయి. చిన్న వయసులో కన్ను సర్దుకుంటుంది. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళలో కళ్ళు పొడిబారడం ఎలాగూ పెరుగుతుంది, ఇది దానికి తోడవుతుంది. కాటుక కలిసిన కన్నీరు కిందికి కారుతుంది, మీరు చెప్పిన నల్ల మరకలు అవే.

కాటుక మానేయమనట్లేదు. వెంట్రుకల వెనక కాకుండా వెంట్రుకల ముందు వైపు, మొదళ్ళలో పెట్టండి. రాత్రి గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ ఐదు నిమిషాలు మూసిన రెప్పల మీద ఉంచుకోండి. నూనె కరిగి రంధ్రాలు తెరుచుకుంటాయి.

ఆముదం దీపం (నర్సాపురం)

కంటి చూపు బాబూ, మరి మా అమ్మమ్మ ఎనభై దాటాక కూడా కాటుక పెట్టుకునేది, సూదిలో దారం ఎక్కించేది. దానికేమంటావు? ఆవిడ కొన్న కాటుక వాడి ఎరగదు. గుంటగలగరాకు రసంలో తెల్ల గుడ్డ తడిపి నీడన ఆరబెట్టి, మళ్ళీ తడిపి, ఆరాక వత్తి చేసేది. ఆముదం ప్రమిదలో వెలిగించి, అటూ ఇటూ చెంబులు పెట్టి, పైన గంధం పూసిన ఇత్తడి పళ్ళెం బోర్లించేది. రాత్రంతా మండితే తెల్లారేసరికి పళ్ళెం వెనక వెల్వెట్టులా మసి పట్టేది. దాన్ని గోకి, వెన్నపూస కడిగి అందులో రంగరించి వెండి భరిణెలో పెట్టేది. పెడితే కళ్ళు చల్లగా ఉండేవి. ఇప్పుడొచ్చే పెన్సిళ్ళలో ఏముందో ఎవరికి తెలుసు?

కంటి చూపు (గుంటూరు)

అమ్మా, ఆ కాటుకలో సీసం ఉండదు, అంతవరకు మంచిదే. భయమల్లా సుర్మా రాళ్ళతో. గలీనా అనే ఖనిజం నూరి చేస్తే అది అచ్చంగా సీసం సల్ఫైడే. కానీ ఇంటి కాటుకైనా మసి మసే. రంధ్రాల మీద కూర్చుంటే చేసే పని అదే చేస్తుంది. వెన్న ఉంది కాబట్టి నిలవ ఉంటే క్రిములు చేరతాయి. ఒకే భరిణెలో ఇంటిల్లిపాదీ వేలు పెడితే ఒకరి కళ్ళకలక అందరికీ వస్తుంది. మీ అమ్మమ్మ గారి చూపు ఆవిడ అదృష్టం, కాటుక గొప్పతనం అని నేననలేను.

ఆముదం దీపం (నర్సాపురం)

సర్లే. పండక్కి మాత్రం పెట్టుకుంటాను, నువ్వు చూడకు.

రంగుల పెట్టె (విజయవాడ)

వచ్చేశాను. లైనరు గురించి.

లిక్విడ్ లైనరు పక్కన పెట్టి మెత్తటి బ్రౌన్ జెల్ పెన్సిల్ తీసుకోండి. మన ఒంటి రంగుకి ముదురు బ్రౌన్ నల్లగానే కనిపిస్తుంది, కాకపోతే వణికినా, వంకర పోయినా తెలియదు. మోచెయ్యి టేబుల్ మీద ఆనించండి. ఒకే గీతగా లాగాలని చూడకండి. వెంట్రుకల మొదళ్ళలో చుక్కలు పెట్టుకుంటూ వెళ్ళి, చిన్న బ్రష్‌తో చుక్కల్ని కలిపేయండి. ముక్కు వైపు దాదాపు ఏమీ లేకుండా, మధ్య నుంచి మొదలై చివరికి వచ్చేసరికి కాస్త లావు. కనిపించే రెప్పే గోటి అంచంత ఉంటే దాని మీద లావు గీత పెట్టి ఉన్న చోటంతా తినేయకూడదు. పైన అదే రంగు పొడి షాడో కొంచెం అద్దితే పెన్సిలు కదలదు, మడతకి అంటడం సగానికి సగం తగ్గుతుంది.

కింద రెప్పకి నిండా గీత గీయకండి, ముఖమంతా కిందికి లాగినట్టుంటుంది. చివరి మూడో వంతులో బ్రౌన్ పొడి నీడలా ఉంటే చాలు.

ఇక రెక్క కావాల్సిందే అంటే ఒక పద్ధతుంది, గబ్బిలం రెక్క అంటాం. కన్ను తెరిచి తిన్నగా చూస్తూ, కంటి చివర నుంచి కనుబొమ చివర వైపు ఒక చిన్న గీత గీయండి. దారిలో మడత అడ్డొస్తుంది, ఆగకుండా దాని మీదుగానే పోనివ్వండి. ఇప్పుడు కన్ను మూస్తే ఆ గీత మడత దగ్గర మెట్టులా విరిగి ఉంటుంది. కంగారు పడకండి. ఆ మెట్టుని నింపి పైరెప్ప గీతతో కలిపేయండి. కన్ను మూస్తే వింతగా ఉంటుంది, తెరిస్తే తిన్నటి రెక్క. పెళ్ళిలో ఎవరూ మీ మూసిన కళ్ళు చూడరు. తలంబ్రాలప్పుడు తప్ప.

డాలస్ అత్తయ్య (డాలస్)

ఆ చివరి మాటకి టీ ఒలకబోసుకున్నాను!

నాకు 63. నావి రెండు ముక్కలు. ఒకటి, మామూలు మస్కారా వేస్తే మల్లెతీగ గారి కాటుకలాగే నాకూ పైరెప్ప మీద చుక్కలు పడేవి. మా కోడలు ట్యూబింగ్ మస్కారా అని కొనిచ్చింది. ప్రతి వెంట్రుక చుట్టూ సన్నని గొట్టంలా పాలిమర్ తొడుగు ఏర్పడుతుంది. నూనెకి కరగదు, చెమటకి కారదు. రాత్రి గోరువెచ్చని నీళ్ళతో తడిపి మెల్లగా లాగితే నల్లటి పోగుల్లా ఊడొస్తుంది. మొదటిసారి చూసి నా రెప్పలే ఊడిపోయాయని హడలిపోయాను. వాటర్‌ప్రూఫ్ కంటే ఇదే నయం, ఎందుకంటే వాటర్‌ప్రూఫ్ తీయడానికి రుద్దే రుద్దుడుకి ఉన్న నాలుగు వెంట్రుకలూ రాలిపోతాయి.

రెండు, చత్వారం. ఒక వైపే అద్దం ఉండి, అది అటూ ఇటూ తిరిగే మేకప్ కళ్ళజోడు దొరుకుతుంది. అద్దం ఉన్న కంటితో చూస్తూ రెండో కంటికి వేసుకోవడమే. తర్వాత అటు తిప్పుకోవాలి. భూతద్దం లాంటి మేకప్ అద్దమూ కొన్నాను గానీ పదింతలు పెద్దది చేసే అద్దంలో ముఖం చూసుకున్న రోజు అన్నం సయించలేదు. ఐదింతలది చాలు.

ఇంకోటి, ఇండియా నుంచి కాటుకలు తెప్పించుకునేవాళ్ళకి. ఇక్కడ మందుల మీద, సౌందర్య సాధనాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కోల్, కాజల్, సుర్మా పేర్లతో వచ్చే సంప్రదాయ కాటుకల్ని రంగు పదార్థంగా ఆమోదించలేదు, సీసం భయమే కారణం. మనవళ్ళకి, మనవరాళ్ళకి దిష్టి కాటుక పెట్టే ముందు డబ్బా మీద ఏం రాసుందో చూడండి.

కంటి చూపు (గుంటూరు)

కళ్ళజోడు ప్రస్తావన వచ్చింది కాబట్టి. ప్లస్ పవర్ అద్దాలు కన్నుని పెద్దగా చూపిస్తాయి. దాంతో పాటు గడ్డకట్టిన మస్కారా, ముడతలో చేరిన పొడి కూడా పెద్దగా కనిపిస్తాయి. కాబట్టి ప్లస్ అద్దాల వాళ్ళు తక్కువ వేసి బాగా కలపాలి. మైనస్ అద్దాలు కన్నుని చిన్నది చేస్తాయి, వాళ్ళు లైనరు కొంచెం గట్టిగా పెట్టుకున్నా పర్వాలేదు. అద్దాలు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాకే మేకప్ అయినట్టు.

పందిరి ఫోటోలు (తణుకు)

నేను మేకప్ మనిషిని కాదు, పెళ్ళి ఫోటోగ్రాఫర్ని. కళ్ళ కింద తెల్లపొడి గుప్పించి రావొద్దని పెద్దావిడలకి ఎవరైనా చెప్పండి బాబూ. సిలికా ఉన్న హెచ్‌డీ పౌడర్లు మామూలు కంటికి కనపడవు, ఫ్లాష్ కొట్టగానే కళ్ళ కింద రెండు తెల్ల అర్ధచంద్రాలు వస్తాయి. ఆల్బమ్‌లో ఒక్కో ఫోటో కూర్చుని దిద్దాలి. బయల్దేరే ముందు చీకటి గదిలో సెల్‌ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసుకుంటే తెలిసిపోతుంది.

వీడియో లైటు పైనుంచి పడుతుంది కాబట్టి కనుబొమ నీడ రెప్ప మీద పడుతుంది. ఐషాడో మరీ ముదురైతే కళ్ళు గుంటల్లా ఉంటాయి. నేను "అమ్మా, కొంచెం తలెత్తండి" అనేది అందుకే. తలెత్తమంటే విసుక్కోకండి.

రంగుల పెట్టె (విజయవాడ)

పందిరి ఫోటోలు గారూ, నూటికి నూరు. కళ్ళ కింద నలుపుకి మనవాళ్ళు చేసే పని ఒంటి రంగు కంటే తెల్లటి కన్సీలర్ రాయడం. గోధుమ నలుపు మీద తెలుపు పడితే బూడిద రంగు వస్తుంది. ముందు పీచ్ రంగు, కాస్త ముదురు ఛాయ వాళ్ళయితే నారింజ రంగు కరెక్టర్, నలుపున్న చోట మాత్రమే బియ్యపు గింజంత. దాని మీద ఒంటి రంగు కన్సీలర్ పల్చగా. వేలి వేడికి కరిగేలా అద్దాలి, రుద్దకూడదు. కొంచెం ఆగితే గీతల్లోకి ఎంత చేరాలో అంత చేరుతుంది, దాన్ని వేలితో అద్ది తీసేసి అప్పుడు చిటికెడు పౌడర్. ముందే పౌడర్ కొడితే గీతల్లో చేరింది అక్కడే గట్టిపడిపోతుంది. వెంట్రుకల అంచు దాకా కన్సీలర్ తీసుకెళ్ళకండి, కొంచెం చోటు వదిలేయండి. అక్కడ చర్మం ఎక్కువ కదులుతుంది.

వైజాగ్ ఉప్పుగాలి (విశాఖపట్నం)

మా దగ్గర ఉక్కకి ఇవేవీ నిలవవండీ. అర్ధరాత్రి ముహూర్తం అంటే సాయంత్రం వేసుకున్న మేకప్ కన్యాదానం వేళకి గడ్డం దాకా వస్తుంది. హోమం పొగ మొదలైతే ఇక చెప్పక్కర్లేదు.

రంగుల పెట్టె (విజయవాడ)

ఉక్కలో క్రీములు తగ్గించండి. ఐ ప్రైమర్, అంటే రంగు నిలవడానికి ముందు రాసేది, మటర్ గింజలో సగం, అది ఆరేదాకా ఆగి పొడి షాడో. రెప్ప మీద మాయిశ్చరైజర్ జిడ్డుగా ఉంటే ప్రైమర్ వేసి ఏం లాభం? పొగకి నీళ్ళొస్తే టిష్యూని కొసలా మడిచి కంటి మూలలో అద్దండి, కొంగుతో తుడవకండి. తడి అంచు మీద కాటుక లేకపోతే కారడానికీ ఏమీ ఉండదు.

అడుగుల చప్పుడు (మచిలీపట్నం)

నేను కూచిపూడి నేర్పిస్తాను, అరవై దాటినా ఇంకా స్టేజీ ఎక్కుతున్నాను. నా బాధ మీ అందరికీ తలకిందులు. చివరి వరసలో కూర్చున్నాయనకి కన్ను కనపడాలి, కాబట్టి తక్కువ వేసుకునే వీలు లేదు. మేము పై గీతని, కింద గీతని కంటి చివర దాటించి బయటికి తీస్తాం, రెండింటినీ కలపకుండా మధ్యలో సన్నని ఖాళీ వదులుతాం. చిన్నప్పుడు గురువుగారు చెప్పారని చేసేదాన్ని. రెప్ప జారాక దాని విలువ తెలిసింది. ఆ ఖాళీ లేకపోతే కన్ను మూసుకుపోయినట్టుంటుంది. ఇప్పుడు నేను చేసే మార్పల్లా, పై గీతని పూర్వం కంటే ఓ వెంట్రుకవాసి ఎత్తులో మొదలుపెట్టడం, కింద గీతని వెంట్రుకలకి ఆనించకుండా కాస్త దిగువన గీయడం. దగ్గర్నుంచి చూస్తే భయంకరంగా ఉంటుంది. ప్రోగ్రాం అయ్యాక మనవడు నన్ను చూసి ఏడ్చాడు కూడా.

తీయడం మాత్రం అందరికీ ఒకటే. కొబ్బరినూనెలో దూది ముంచి, మూసిన కంటి మీద ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచి, కిందికి ఒక్కసారి లాగుతాను. తర్వాత తేలికపాటి ఫేస్‌వాష్‌తో కడుగుతాను, లేకపోతే నూనె కంట్లోకి దిగి చూపు మసకేస్తుంది.

నియంత్రణ బృందం

ఒక సభ్యురాలు పెట్టిన "7 రోజుల్లో ముడతలు మాయం" క్రీము లింకు తొలగించాం. అమ్మకాలకి ఇది చోటు కాదు.

మల్లెతీగ (రాజమండ్రి)

అందరికీ ధన్యవాదాలు. బ్రౌన్ పెన్సిలు వెంట్రుకల బయట పెట్టి, పైన పొడి అద్దుతున్నాను. సాయంత్రం చూసుకుంటే పైరెప్ప మీద చిన్న గోధుమ నీడ తప్ప నల్ల అచ్చు లేదు. కళ్ళ మంట కూడా తగ్గింది. కాకపోతే "ఏంటి మేడమ్, ఇవాళ కాటుక పెట్టుకోలేదా?" అంటున్నారు. లోపలి అంచున నల్లటి కాటుక ఉంటే వచ్చే ఆ నిండుదనం దీనికి రాదు, ఆ మాట మాత్రం నిజం. పెళ్ళికి గబ్బిలం రెక్క ప్రయత్నిద్దామనుకున్నాను గానీ నా చేతికి ఎక్కలేదు. పార్లర్ మార్చి, రంగుల పెట్టె గారు రాసిందంతా ప్రింటు తీసి వాళ్ళకి ఇచ్చాను. అంటించే రెప్పలు మొత్తం వరస వద్దని, చివర్లో రెండు మూడు కుచ్చులు చాలని చెప్పాను. సరేనన్నారు.

గోదారమ్మాయి (కాకినాడ)

కంటి చూపు గారికి ఒక ప్రశ్న. నాకు నీటికాసులని (గ్లకోమా) రాత్రిపూట కంట్లో చుక్కలు వేసుకుంటున్నాను. కుడి కంటికి మాత్రమే. ఆ వైపు రెప్ప చుట్టూ నల్లగా అయింది, వెంట్రుకలు మాత్రం పొడుగ్గా పెరిగాయి. రెప్ప పైన గుంట పడినట్టుంది. రెండు కళ్ళూ ఒకలా కనపడవు. మేకప్‌తో సరిచేయడమెలా? చుక్కలు ఆపేయొచ్చా?

కంటి చూపు (గుంటూరు)

చుక్కలు మాత్రం ఆపకండి. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు. మీరు చెప్పినదాన్ని బట్టి అవి లాటనోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్ లాంటి రకం అయి ఉండొచ్చు. వాటికి ఈ మూడు లక్షణాలూ ఉన్నాయి. వెంట్రుకలు పెరిగే గుణం చూసే బైమాటోప్రోస్ట్‌ని కనురెప్పల కోసం కూడా 2008లో అమెరికాలో అనుమతించారు. చుక్క వేశాక చర్మం మీద కారింది వెంటనే టిష్యూతో అద్దేయండి, నలుపు కొంత తగ్గుతుంది. గుంట మరీ ఎక్కువైతే వేరే రకం చుక్కలు ఇవ్వగలరేమో మీ డాక్టర్నే అడగండి.

మేకప్ సంగతి రంగుల పెట్టె గారు చెప్పాలి. నా వైపు నుంచి ఇంకో రెండు మాటలు. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు సరేననేదాకా కళ్ళకి ఏమీ పెట్టుకోవద్దు, సాధారణంగా కొన్ని వారాలు ఆగమంటారు. ఆ తర్వాత కూడా పాత మస్కారా, పాత కాటుక పారేసి కొత్తవి కొనండి. మస్కారా ఎవరికైనా మూడు నెలలకి మించి వద్దు. రెప్ప ఏళ్ళ తరబడి మెల్లగా జారడం వయసు పని. ఒక్క కన్నే ఉన్నట్టుండి వాలిపోయినా, రెండు బొమ్మలు కనిపించినా, సాయంత్రానికి బరువెక్కి పొద్దునకి తేలికైనా ఆగకుండా డాక్టర్ని కలవండి. దాన్ని ఐషాడోతో సర్దుకోకూడదు.

రంగుల పెట్టె (విజయవాడ)

గోదారమ్మాయి గారూ, గుంట పడిన వైపు ముదురు రంగు అసలు వేయకండి, ఇంకా లోతుగా కనిపిస్తుంది. అటు లేత శాటిన్, రెండో వైపు మామూలు బ్రౌన్. రెండు కళ్ళకీ ఒకే మేకప్ వేయాలని రూలేమీ లేదు. నల్లబడిన చోట పీచ్ కరెక్టర్ పల్చగా. మస్కారా ఎడమ కంటికే వేయండి, కుడి వైపు దేవుడే వేశాడుగా.

ఓరుగల్లు రాణి (హనుమకొండ)

నేనూ మొదలుపెట్టాను. మా ఆడబిడ్డ "ఇప్పుడు మంచిగున్నవ్ వదినా" అన్నది. అడగడం మర్చిపోయా, రెప్పల మీద అప్పుడప్పుడూ దురదొచ్చి పొట్టు లేస్తోంది. కాటుక మానేసిన రోజుల్లోనూ వచ్చింది. మరి దేనివల్ల?

కంటి చూపు (గుంటూరు)

గోళ్ళ రంగు వేసుకుంటారా?

ఓరుగల్లు రాణి (హనుమకొండ)

అవును, దానికీ కంటికీ ఏం సంబంధం?

కంటి చూపు (గుంటూరు)

గోళ్ళ రంగు ఎలర్జీ వేళ్ళ దగ్గర కనపడకుండా రెప్పల మీద బయటపడటం మామూలే. వేలితో కన్ను ముట్టుకుంటూనే ఉంటాం, రెప్ప చర్మమేమో పల్చన. కొన్ని వారాలు గోళ్ళ రంగు మానేసి చూడండి. తగ్గకపోతే చర్మం డాక్టర్ దగ్గర ఏది పడట్లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. షాపులో దొరికే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ మాత్రం సొంతంగా రెప్పలకి రాయకండి, కంటి ప్రెషర్ పెరగొచ్చు.

కొత్త సభ్యురాలు (నిజామాబాద్)

పైనుంచి మొత్తం చదివాను. ట్యూబింగ్ మస్కారా అని షాపులో అడిగితే అలాంటిది లేదంటున్నారు. ఎలా గుర్తుపట్టాలి?

డాలస్ అత్తయ్య (డాలస్)

ఆ పేరు ప్యాకెట్ మీద ఉండాలని లేదమ్మా. గోరువెచ్చని నీళ్ళతోనే ఊడిపోతుందని రాసి ఉందేమో చూడు. వాటర్‌ప్రూఫ్ అని ఉంటే అది వేరే రకం, తీసుకోకు.